బల్లలో పడుకోబెట్టిన మానిటర్

మా అన్న తల ఎత్తలేడు. పొగరు లేక కాదు, అది కావలసినంత ఉంది. మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు మా ఊళ్లో ఫ్లోరైడ్ కలిసిన బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లలో అన్నలాంటివాళ్లు వాడకొకరు ఉన్నారు. వాళ్ల చూపు ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. ఎదురుగా వచ్చిందెవరో చెప్పులు చూసి గుర్తుపడతారు. అన్నకైతే చెప్పులు కూడా అక్కర్లేదు, నడక చప్పుడు చాలు.

నేను ఆ నీళ్లు తాగలేదు. అన్న కాళ్లు వంకర తిరగడం మొదలయ్యాక, నాకింకా సరిగా మాటలు రాకముందే, అమ్మ నన్ను షాద్‌నగర్ దగ్గర తన పుట్టింట్లో వదిలి వచ్చింది. అమ్మ తల్లిని మేం అవ్వ అంటాం. అవ్వే పెంచింది. పెద్దయ్యాక అక్కడే ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరాను. నా వెన్ను నిటారుగా ఉంది. ఇందులో నా గొప్పా లేదు, ఎవరి పుణ్యమూ లేదు. ఒక్క పిల్లను పంపడానికే జాగా ఉంది, ఒక్కదాన్నే పంపింది. దీని గురించి అన్న ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

మా ఊళ్లో ఒక అలవాటు ఉంది. ఎవరూ ఎవరినీ ఒంటి సంగతి అడగరు. వేరే ఊళ్లలో మనుషులు కలవగానే "పానం మంచిగున్నదా" అంటారు. మా దగ్గర అలా అడిగితే తిట్టినట్టే లెక్క. అందరివీ అవే మోకాళ్లు, అవే నడుములు, ఇంక అడిగేదేముంది? నొప్పి అని ఎవరైనా అంటే "నీ ఒక్కనికేనా" అని నోరు మూయిస్తారు. అందుకని వస్తువుల సంగతి అడుగుతారు. మోటరు నడుస్తాందా, సైకిల్ చైన్ మల్ల ఊడిందా, గొర్లు మేస్తున్నయా అంటారు. ఒక మనిషి మీద ప్రేమ ఉంటే అతని ఇంట్లో ఆగిపోయిన ఫ్యాను విప్పి బాగు చేస్తారు. నేను ఆ ఊళ్లో పెరగకపోయినా ఈ మర్యాద మాత్రం నాకు తొందరగానే ఒంటబట్టింది.

బాపుది, అంటే మా నాన్నది, గొర్ల కాపరి పని. అన్న గొర్ల వెంట నడవలేడు కాబట్టి చదువుకున్నాడు, తెలుగు టైపింగ్ నేర్చుకున్నాడు, మండలంలో ఒక మడిగె కిరాయికి తీసుకుని పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే దుకాణం పెట్టాడు. చిక్కల్లా మానిటర్‌తో వచ్చింది. అందరి మానిటర్లూ నిలబడి ఉంటాయి. వాటి ముందు కూర్చుంటే అన్నకు కనిపించేది కీబోర్డు, తన ఒళ్లో చేతులు, అంతే. చాలా రోజులు కుర్చీలో వెనక్కి జారగిలబడి, దాదాపు పడుకుని పని చేశాడు. ఆ తర్వాత మా ఊరి వడ్లాయన ఒక ఉపాయం చేశాడు. బల్ల నడుమ చెక్క కోసి, నల్లగొండలో ఒక ఇంటర్నెట్ సెంటర్ మూసేస్తుంటే కొన్న చదరపు మానిటర్‌ను అందులో వెల్లకిలా పడుకోబెట్టాడు. తెర పైకప్పు వైపు చూస్తూ ఉంటుంది, అన్న దాని మీదికి చూస్తూ ఉంటాడు. దాని వైరు, అదే నీలం రంగు మూతి ఉండే పాత వీజీఏ వైరు, బల్ల కింది నుంచి పోయి కంప్యూటర్‌కు తగులుతుంది.

ఆ బల్ల అన్న దర్బారు. పత్రికలో అచ్చుతప్పులు చూసుకోవాలంటే ఎవరైనా వచ్చి తెర మీదికి వంగాల్సిందే. సర్పంచ్ వంగాడు, ఠాణా నుంచి వచ్చిన జమాదారు వంగాడు, ఎన్నికలప్పుడు ఫ్లెక్సీల కోసం వచ్చిన పెద్దమనుషులు బొజ్జలు అడ్డం వస్తుంటే ఆయాసపడుతూ వంగారు.

"నా దుకాణంల ఎంత పెద్దోడైనా తలకాయ వంచాల్సిందే," అనేవాడు అన్న. ఆ మాట అన్నప్పుడు మాత్రం అతని గొంతులో హాయి వినిపించేది.

తెలంగాణ వచ్చాక నల్లాల్లో కృష్ణ నీళ్లు వచ్చాయి. ఇప్పుడు పుడుతున్న పిల్లల కాళ్లు బాగానే ఉంటున్నాయి. అన్న దానికి సంతోషించాడు, కాని పట్టిన ఎముకను నీళ్లు మళ్లీ వదిలిపెట్టవు.

ఒక ఎండాకాలం కరెంటు ఎక్కువై అన్న కంప్యూటర్ కాలిపోయింది. మానిటర్‌కు ఏమీ కాలేదు. ఫోన్ బాపు చేశాడు. "వానికి గా బల్ల ఒక్కటే దిక్కు బిడ్డా. జర ఏమన్న చూడు," అన్నాడు. బాపు నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. దుకాణం మూతపడితే అన్న ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని నేల చూస్తూ బతకాలి. ఊళ్లో అలా బతుకుతున్నవాళ్లను మేం చూస్తూనే ఉన్నాం. అన్నకు అన్నిటికన్నా భయం అదే.

షాద్‌నగర్‌లో పెండ్లి వీడియోలు మిక్సింగ్ చేసే ఆయన తన కంప్యూటర్ అమ్ముతున్నాడని తెలిసి తీసుకున్నాను. మంచి మిషను, లోపల పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉంది. బొమ్మ బయటికి వచ్చేది ఆ కార్డు నుంచే, మిషనుకు వేరే దారి లేదు. ఆ సంగతి నాకు తెలియదు. కార్డు వెనక మూడు రంధ్రాలు మూడు రకాలుగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ నీలం మూతి పట్టదు.

ఇంత దూరం రెండు బస్సులు మారి, సీటులో పక్కన పసిపిల్లలా కూర్చోబెట్టుకుని తెచ్చిన మిషను అన్న ముందు గుడ్డిగా నిలబడింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. కొత్త వస్తువు చేసేవాళ్లు పాత వస్తువు ఇంకా ఎవరింట్లోనో బతికే ఉందని ఎందుకు మరిచిపోతారో నాకు ఇప్పటికీ తెలియదు.

ముందు ఒక కొత్త మానిటర్ అడిగి తెచ్చి చూశాం. ఇప్పటివన్నీ వెడల్పువే. బల్లలో కోసిన జాగాలో పట్టదు గనక పైన పడుకోబెట్టాం. అన్న మెడ పక్కలకు కూడా తిరగదు. తెర ఈ కొసన ఉన్నది చూడాలంటే కుర్చీ ఇటు జరపాలి, ఆ కొసన ఉన్నది చూడాలంటే అటు జరపాలి. పైగా దాని తెర అద్దంలా నిగనిగలాడుతోంది. పైకప్పు ట్యూబులైటు, దాని కింద అన్న ముఖం అందులో కనిపించాయి. అన్న చాలా ఏండ్ల తర్వాత తన ముఖం చూసుకున్నాడనుకుంటాను.

"గీ మొకం సూసుకుంట ఎవని లగ్గం పత్రిక కొట్టాలె? తీసెయ్యి," అన్నాడు.

ఇక పాత మానిటర్‌నే ఎలాగోలా అతికించాలి. అడాప్టర్ అనే చిన్న ముక్క ఉంటుందని, ఒక పక్క కొత్త మూతి, ఇంకో పక్క పాత మూతి ఉంటాయని తెలుసుకుని షాద్‌నగర్‌లో ఒకటి కొన్నాను. ఆదివారం తీసుకెళ్తే అది కార్డు రంధ్రానికి సరిపోయినట్టే ఉండి లోపలికి దిగలేదు. ఎదురు మడిగెలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయన వచ్చి లైటు వేసి చూశాడు. అడాప్టర్‌కు పక్కన నాలుగు సూదులు ఎక్కువ ఉన్నాయి, కార్డులో వాటికి రంధ్రాలు లేవు.

"గీ నాలుగే అడ్డమొస్తున్నయ్ అన్నా. పీకేస్త," అన్నాడు.

"పీకు. పట్టినంక ఇగ ఫికరేంది," అన్నాడు అన్న.

పట్టకారుతో నాలుగూ పీకేశాడు. అడాప్టర్ హాయిగా దిగింది. మేం ముగ్గురం తెర మీదికి వంగి చూశాం. తెర నల్లగానే ఉంది. తర్వాత షాద్‌నగర్ షాపాయన దాన్ని చేతిలో తిప్పి చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. పాత మానిటర్‌కు బొమ్మ పోయేదే ఆ నాలుగు సూదుల గుండా అట. అడ్డమొచ్చాయని మేం పీకి పారేసింది బొమ్మనే. అసలు ఆ కార్డు అలాంటి బొమ్మ పంపనే పంపదని, సూదులున్నా లాభం లేదని కూడా అన్నాడు. ఆయన నవ్వు నాకు చాలా రోజులు గుర్తుండింది.

రెండోసారి ఒక కొసన కొత్త మూతి, ఇంకో కొసన నీలం మూతి ఉన్న వైరు తెచ్చాను. రెండు కొసలూ చక్కగా పట్టాయి, తెర మాత్రం వెలగలేదు. వైరు మూతులు మారుస్తుంది గాని లోపలి బొమ్మను మార్చదు. దానికి నడుమ ఒక చిప్పు ఉండాలి. మూడోసారి ఆ చిప్పు ఉన్న నల్లటి చిన్న డబ్బీ తెచ్చాను. ఈసారి తెర వెలిగింది. వెలిగి, ఒక చిన్న గడిలో తన వల్ల కాదని ఇంగ్లీషులో రాసి, ఆ గడిని తెరంతా తిప్పడం మొదలుపెట్టింది. కార్డు పంపే వెడల్పు బొమ్మ ఈ చదరపు తెరకు మించిన బరువట. తగ్గించుకోవాలంటే సెట్టింగులు చూడాలి, సెట్టింగులు చూడాలంటే బొమ్మ రావాలి.

పక్కన హేర్ కటింగ్ దుకాణం ఉంది. ఆయన అన్నకు పాత దోస్తు. గడ్డం సగం గీసిన మనిషిని కుర్చీలోనే కూర్చోబెట్టి, గోడకున్న టీవీ ఊడదీసి మోసుకొచ్చాడు. దాన్ని కంప్యూటర్‌కు తగిలించి, బొమ్మను చదరంగా తగ్గించి, మళ్లీ డబ్బీ పెట్టి మానిటర్‌కు మార్చాం. అన్న తెర మీద అన్న తెలుగు అక్షరాలు వచ్చాయి. సగం గడ్డంతో ఆ మనిషి కూడా వచ్చి వంగి చూశాడు. అందరం నవ్వాం.

కటింగ్ దుకాణం ఆయన బిడ్డ పెండ్లి అంతకుముందే కుదిరింది. "పత్రిక నేనే చేస్త. ఊర్ల ఎవ్వలకు రానట్టు చేస్త," అని అన్న అతనికి మాటిచ్చాడు. ఆ రోజు నేను తిరిగి వెళ్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మొదటిసారి ఏదో బాకీ తీర్చుకున్నాననుకున్నాను.

వారం తిరక్కుండానే అన్న ఫోన్ చేశాడు. బొమ్మ మధ్యమధ్యలో పోతుందన్నాడు. "జర నల్లగయ్యి మల్ల వస్తాంది. పని సాగుతలేదు." నేను ఇంకో రకం డబ్బీ తీసుకెళ్లాను. అది పెట్టాక అక్షరాలు అదురుతున్నాయన్నాడు. ఇంకోటి తీసుకెళ్లాను. నేనున్నంతసేపూ తెర బాగానే ఉండేది. నేను పోయాక ఖరాబయ్యేది. పత్రిక మాత్రం ముందుకు సాగలేదు. అలా ఎండాకాలం పోయి వానలు పడ్డాయి, వానలు పోయి చలి వచ్చింది. ప్రతిసారీ ఫోన్‌లో నేను అడిగేది "మానిటర్ ఎట్లున్నది అన్నా" అనే. షాపాయన నన్ను చూడగానే ఏ మూతి, ఏ రంధ్రం అని అడగకుండానే డబ్బాలు తీసి ముందర పెట్టేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లాను. దుకాణంలో అన్న ఒక్కడే ఉన్నాడు. మూతి వదులైందట, డబ్బీని బల్ల మీదికి లాగి పెట్టుకుని ఎడమ చేతి వేళ్లతో గట్టిగా అదిమి పట్టుకున్నాడు. కుడి చేత్తో టైపు చేస్తున్నాడు. టైపు కాదది, ఒక వేలును అక్షరం మీదికి మోసుకెళ్లి దించుతున్నాడు.

"నువ్వు ఇడువు, నేను పట్టుకుంట," అని డబ్బీ మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాను. పొయ్యి మీది గిన్నె ముట్టుకున్నట్టుంది.

"అన్నా, గింత ఏడి మీద ఎట్ల పెట్టినవ్ చెయ్యి?"

"ఏడి ఏడున్నదే? సల్లగనే ఉన్నది గద," అన్నాడు.

చెయ్యి పట్టుకుని తిప్పి చూశాను. వేళ్ల కొసలు బొబ్బలెక్కి ఉన్నాయి. ఒకటి పగిలి నీరు కారుతోంది. వాటి పక్కన మానిపోయిన పాత బొబ్బల మచ్చలు కూడా ఉన్నాయి. అతను తల వంచి, ఎవరి చేతినో చూస్తున్నట్టు వాటిని చూశాడు. తెర మీద బొమ్మ నల్లబడలేదు, అదరలేదు. పెండ్లి పత్రిక స్పష్టంగా కనిపిస్తోంది. డబ్బీని ఎవరూ పట్టుకోకపోయినా అది అలాగే ఉంది.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. ఫొటోలు తీశారు. మెడలో ఎముక లోపలి వైపు కూడా పెరిగి, చేతులకు పోయే నరాల కట్టను నొక్కేస్తోందని డాక్టర్ చెప్పాడు. ఈ తిమ్మిరి ఎప్పటి నుంచి అని అడిగాడు.

"పాత కంప్యూటర్ కాలకముందు సంది," అన్నాడు అన్న, నేల వైపే చూస్తూ.

నేను అతని వైపు చూశాను. అంటే మొదటి అడాప్టర్ కంటే ముందే. ఆ నాలుగు సూదులు పీకకముందే. అప్పుడే తీసుకొచ్చి ఉంటే ఆపరేషన్ సంగతి ఆలోచించేవాళ్లమని డాక్టర్ అన్నాడు. ఇప్పుడు నరం నలిగిపోయింది, కోసినా స్పర్శ తిరిగి రాదు, పైగా కోస్తే నడక కూడా పోయే ప్రమాదం ఉంది అన్నాడు. మంచివాడే. గొంతు తగ్గించి చెప్పాడు.

బయట చెట్టు కింద అన్నను కూర్చోబెట్టి, వాకిట్లో జనం చూస్తున్నా లెక్కచేయకుండా అరిచాను. "మరి చెప్పొద్దా? నేను షాపుల పొంటి తిరుగుతుంటె చూసుకుంట కూసున్నవ్. బొమ్మ పోతాంది, బొమ్మ అదురుతాంది. గదేనా చెప్పేది?"

"ఏమని చెప్పాలె? ఆడలేక మద్దెల ఓడన్నట్టు అడాప్టర్ మీద పెట్టిన," అన్నాడు. "అడాప్టర్ ఖరాబైతే ఇంకోటి దొరుకుతది గద చెల్లే," అన్నాడు.

ఆ మాట విన్నా నా కోపం పోలేదు. అన్న మీద, నా మీద, ఆ ఊరి మర్యాద మీద, నొప్పి అన్నవాణ్ని నీ ఒక్కనికేనా అనే నోళ్ల మీద కోపం. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఎవరికీ చెప్పని మొండితనంతో మావాడు గెలిచిందేమిటో నాకు కనపడలేదు.

సంక్రాంతి పోయాక సెలవు పెట్టి మళ్లీ వెళ్లాను. ఊరికే వెళ్లబుద్ధి కాక ఇంకో డబ్బీ కొన్నాను. దీనికి కరెంటు వేరే వైరు నుంచి వస్తుంది, వేడెక్కదు, మూతి వదులు కాదు. బల్ల కింద దూరి తగిలించాను. అంత మంచి బొమ్మ ఆ తెర మీద అంతకుముందు నేను చూడలేదు. అన్న దుకాణం రోజూ తీస్తూనే ఉన్నాడు. తమ్ముని వరసైన ఒకడు పొద్దున తీసుకొచ్చి కూర్చోబెడతాడు, సాయంత్రం తీసుకెళ్తాడు. గిరాకీ లేదు.

మేమలా కూర్చుని ఉండగా కటింగ్ దుకాణం ఆయన గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రావడానికి ఇబ్బంది పడుతున్నాడు. చివరికి వచ్చి, చేతిలోని పసుపు రాసిన పత్రికను బల్ల మీద, వెలుగుతున్న తెర మీదనే పెట్టాడు. బిడ్డ పెండ్లి పత్రిక. నల్లగొండలో కొట్టించాడు.

"దినాలు దగ్గర పడ్డయ్ అన్నా. ఏమనుకోకు," అన్నాడు.

"ఏమనుకుంట? మంచిగ కొట్టిండ్రు. ముహూర్తం కింద గీత జర వంకరొచ్చింది, గంతే," అన్నాడు అన్న.

అతను అన్న భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయాడు. అన్న ఆ పత్రికను పక్కకు జరపాలని చూశాడు. వేళ్లు దాని అంచు మీదికి పోయాయి గాని పట్టుకోలేదు. మళ్లీ ప్రయత్నించి వదిలేశాడు.

అప్పుడు అడిగాను. ఆ ఊళ్లో ఎవరూ అడగనిది, నేను పుట్టి ఇన్నేండ్లలో అడగనిది.

"అన్నా, చేతులెట్లున్నయ్?"

"లేవు," అన్నాడు.

రోడ్డు మీద గొర్ల మంద ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. అన్న చప్పుడు విని అవి ఎవరి గొర్లో చెప్పాడు. తర్వాత గడ్డంతో తెర వైపు చూపించి, "బొమ్మ మాత్రం ఇప్పుడు కదుల్తలేదు, సూడు," అన్నాడు.

నేను తల వంచాను. నల్లగొండ పత్రికను పక్కకు తీశాను. కింద తెర మీద అన్న మొదలుపెట్టిన పత్రిక ఉంది. చుట్టూ మామిడాకుల అంచు, నడుమ పెండ్లికొడుకు పేరు, అతని తల్లిదండ్రుల పేర్లు, ఊరు. పెండ్లికూతురి పేరులో మొదటి అక్షరం దగ్గర ఆగిపోయింది. నిజమే, బొమ్మ కదలడం లేదు.